కాస్ట్రో వాక్యంలో ఉన్నది ‘బయట’నా, ‘వ్యతిరేకంగా’నా?

ప్రశ్న: క్యూబా పోస్టర్ల మీద రాస్తుండగా 1961 నాటి కాస్ట్రో వాక్యమొకటి నన్ను వేధిస్తోంది. విప్లవం లోపల సర్వం, విప్లవానికి బయట శూన్యం అని నాకు గుర్తు. రెండో సగంలోని స్పానిష్ మాట ‘బయట’ అనే అర్థమున్న ‘ఫ్వేరా’నా, ‘వ్యతిరేకంగా’ అనే అర్థమున్న ‘కోంత్రా’నా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: నిస్సందేహంగా కోంత్రాయే. హవానా జాతీయ గ్రంథాలయంలో జూన్ 30న రచయితల, కళాకారుల ఎదుట అన్న మాట అది, ‘పి.ఎం.’ అనే లఘుచిత్రాన్ని నిషేధించడంతో రేగిన వివాదమే ఆ సమావేశాలకు దారితీసింది. విప్లవకారులు కాని నిజాయితీపరులకు కూడా విప్లవంలో పని చేసుకునే చోటుండాలని అదే ప్రసంగంలో ఉన్నందున, ‘బయట’ అని చదివితే వక్త ఉద్దేశమే తలకిందులవుతుంది.

మరో జవాబు: ‘బయట’ ఎలా చొరబడిందో ఊహించవచ్చు. ‘లోపల’ అనగానే చెవి దాని జతనే కోరుతుంది. పైగా 1968లో క్యూబా కవి పదిల్యా కవితాసంపుటి పేరే ‘ఫ్వేరా దెల్ హ్వేగో’, అంటే ఆటకు బయట. బహుమతి వచ్చిన ఆ పుస్తకాన్ని రచయితల సంఘం తన అసమ్మతి ప్రకటనతో కలిపి అచ్చువేయగా, 1971లో కవి అరెస్టయ్యాడు. ఆ కవిని ప్రేమించేవారి నోట ఈ మాట మారిపోవడం సహజమే.

ఇంకొకరు: పదిల్యా మీద నాకూ అంతే అభిమానముంది గానీ, ఆయన వెంట వెళితే చిత్రకళ మరుగున పడుతుంది. అదే 1968లో పోస్టర్ల చిత్రకారుడు బెల్త్రాన్ విద్యుత్ పొదుపు పోస్టరులో ‘క్లిక్’ అన్న శబ్దాన్నే పెద్దక్షరాల్లో నిలిపాడు; అంతకు ఏడాది ముందు మరో పోస్టర్ల చిత్రకారుడు రోస్త్‌గార్డ్ నిరసన గీతాల సభకు గులాబీని గీసి, దాని ముల్లు నుంచి నెత్తుటి చుక్కను రాల్చాడు. సోవియట్ పద్ధతి వాస్తవికతను వీరిపై ఎవరూ రుద్దలేదు. అసలు చిక్కు 1981 నాటి ‘వోలుమెన్ ఉనో’ ప్రదర్శనతో వస్తుంది. అందులోని 11 మంది కళాకారులు నినాదం పలకలేదు, ఎదురు తిరగనూ లేదు. ‘ఫ్వేరా’ అయితే వారికి చోటు లేదు, ‘కోంత్రా’ అయితే ఉంది.

చివరి జవాబు: ఉందని తేల్చేదెవరు? మీరంతా కోంత్రా దగ్గరే ఆగారు, దాని తరువాతి ‘నాదా’ను, అంటే శూన్యమన్న మాటను, ఎవరూ పట్టించుకోలేదు. వాక్యంలో క్రియ లేదు కనుక ‘ఏమీ లేదు’ అనాలా, ‘ఏమీ కూడదు’ అనాలా అన్నది మిగిలే ఉంది. కొన్ని వాక్యాల తరువాత కాస్ట్రో ఆ మాటనే తిరిగి చెబుతూ నాదాకు బదులు ‘నింగూన్ దెరేచో’, అంటే ఏ హక్కూ లేదు, అన్నాడు. నేను ఆ తిరిగి చెప్పిన పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటాను.