సూపర్ నింటెండోకి ఏ ఫ్లాష్ కార్ట్ కొనాలి?

ప్రశ్న:
అక్క అమెరికా నుంచి వస్తూ తన పాత గేమ్ కన్సోల్ సూపర్ నింటెండో తెచ్చిచ్చింది. దానికి ఫ్లాష్ కార్ట్, అంటే మెమరీ కార్డులో వేసుకున్న గేములు నడిపే కార్ట్రిడ్జ్, కొందామనుకుంటున్నాను. సూపర్ ఎవర్‌డ్రైవ్ ఎక్స్6కీ ఎఫ్‌ఎక్స్‌పాక్ ప్రోకీ ధరలో చాలా తేడా ఉంది. అంత పెట్టడం అవసరమా? స్టార్ ఫాక్స్ ఆడాలని నా కోరిక.

జవాబు 1:
స్టార్ ఫాక్స్ కావాలంటే ఎఫ్‌ఎక్స్‌పాకే తీసుకోండి. 1993లో వచ్చిన ఆ గేమ్‌లో త్రీడీ లెక్కలు చేసేది కన్సోల్ కాదు, కార్ట్రిడ్జ్ లోపలున్న సూపర్ ఎఫ్‌ఎక్స్ చిప్. ఎక్స్6లో డీఎస్‌పీ అనే వేరే సహాయక చిప్ ఉంది కాబట్టి సూపర్ మారియో కార్ట్ నడుస్తుంది, స్టార్ ఫాక్స్ నడవదు. ఎఫ్‌ఎక్స్‌పాక్‌లో ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి సర్క్యూట్‌ని మార్చుకోగల చిప్, ఉంటుంది. గేమ్ తెరవగానే మెనూ కాసేపు ఆగుతుంది, ఆలోపు ఎఫ్‌పీజీఏ ఆ గేమ్‌కి కావాల్సిన చిప్‌లా మారిపోతుంది. నేను రోజూ వాడేది ఇదే, నాకు ప్రాణం. ఎంఎస్‌యూ-1 అనే అదనపు సౌకర్యం ఉండటం వల్ల సీడీ స్థాయి సంగీతం కూడా వస్తుంది. మామూలు గేములు చాలనుకునేవాళ్లకి ఎక్స్6 బంగారంలా సరిపోతుంది.

జవాబు 2:
చవకగా దొరికే నకిలీల జోలికి మాత్రం వెళ్లకండి. కన్సోల్ 5 వోల్టులతో నడుస్తుంది. చాలా నకిలీల్లో 3.3 వోల్టుల చిప్‌లని మధ్యలో ఏ రక్షణా లేకుండా నేరుగా కలిపేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ, డబ్బులు కూడబెట్టి ఎఫ్‌ఎక్స్‌పాకే కొంటాను. అడాప్టర్ కూడా అక్కడిదే, పర్వాలేదా?

జవాబు 1:
అయ్యో, ప్లగ్ పెట్టకండి! అది 120 వోల్టులది, మన 230కి కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాకే ఆన్ చేయండి.