నొప్పులప్పుడు ఊపిరి ఎట్లా తీసుకోవాలి?

మాది దేవరకొండ దగ్గర పల్లె. తొలి కాన్పు, తొమ్మిదో నెల పడింది. వీడియోల్లో ఒకామె కుక్క రొప్పినట్టు రొప్పమంటుంది, ఇంకొకామె మెల్లగా పీల్చమంటుంది. రెండూ చేసి చూస్తే తల తిరిగింది. అమ్మనేమో "మేమేమన్నా నేర్చుకొని కన్నామా" అంటోంది. ఏది చేయాలి అక్కా?

జవాబు (మిర్యాలగూడ, ఇద్దరు పిల్లల తల్లిని): రెండూ సరైనవే చెల్లీ, వేళలు వేరు. నొప్పి ఎడతెగకుండా ఉండదు, వచ్చి నిమిషం, నిమిషంన్నరలో వదులుతుంది, మళ్లీ వస్తుంది. మొదలవుతోందనగానే ఒక నిట్టూర్పు విడిచి భుజాలు వదిలెయ్యి. ముక్కుతో పీల్చు, నోటితో వదులు, వదిలేది పీల్చిన దానికన్నా పొడుగ్గా ఉండాలి. పొయ్యి ఊదినట్టు కాదు, సాసర్‌లో చాయ్ పోసుకొని ఊదుతామే, అట్లా. నేను పీల్చేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టేదాన్ని. మొదటి కాన్పుకు ఇదేమీ తెలియదు, మంచం కమ్మి పట్టుకొని పళ్లు బిగించి ఊపిరి ఆపేశాను, ఆయమ్మ అరవొద్దని కసిరిందే తప్ప ఊపిరి వదలమని చెప్పలేదు, తీరా ముక్కమనే సరికి ఒంట్లో సత్తువ లేదు. రెండోసారి మా ఆడబిడ్డ నా చెవి దగ్గర తనే ఊపిరి వదులుతుంటే వెంట వదిలాను. నొప్పి తగ్గిందా అంటే లేదు, అబద్ధమెందుకు, బెదురు మాత్రం తగ్గింది.

ఇంకో జవాబు (పాలమూరు, స్టాఫ్ నర్సుని): రొప్పడం చివర్లో పనికొస్తుంది. గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోకముందే కొందరికి ముక్కాలనిపిస్తుంది, అప్పుడు "హు, హు, ఫూ" అని చిన్నగా ఊదాలి. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు కూడా మేమే ముక్కొద్దు, రొప్పమంటాం, తల మెల్లగా వస్తే కింద చీరుకుపోవడం తక్కువ. ఊరికే గబగబా రొప్పితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది. నీకైంది అదే, ఇప్పుడు ఆ రొప్పుడు మానేయ్. రోజూ పడుకునే ముందు ఎడమ పక్కకు తిరిగి మెల్లటిదే పది సార్లు చెయ్యి, చాలు.

మళ్లీ నేనే: లేబర్ రూములోకి తోడు రానిస్తారా మేడం?

పాలమూరు నర్సు: సర్కారు దవాఖానల్లో ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది, ఆమె తనూ కాన్పైన మనిషై ఉండాలి. అయినా ముందే వెళ్లి అడిగిపెట్టుకో, అప్పటికప్పుడు గేటు దగ్గర వాదించేలా ఉండదు. ఇంకొకటి, ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

నేను: సరే మేడం. మా వదినకు ఇద్దరు పిల్లలు, ఆమెనే అడుగుతా. ఇవాళ రాత్రి నుంచే ఇద్దరం కలిసి చేస్తాం.