ట్యాబ్ కీ ఆరుసార్లు కొట్టీ కొట్టీ వేళ్లు లాగేస్తున్నాయి, దారి చెప్పండన్నా

గుంటూరు నుంచి:
మాది మిర్చి యార్డు దగ్గర కమీషన్ షాపు, బిల్లులన్నీ నేనే కొడతాను. రైతు పేరు కొట్టాక మిర్చి రకం దగ్గరికి వెళ్లాలంటే మధ్యలో మాకు అక్కర్లేని గళ్లు దాటాలి, ప్రతి లాటుకీ ట్యాబ్ ఆరుసార్లు. సీజన్‌లో సాయంత్రానికి చూపుడు వేలు వంగడం లేదు. నొక్కి పట్టుకుంటే ఎక్కడికో పోతోంది, మొన్న టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య వెళ్లి ధర గడిలో పడింది, రైతు ఎదురుగానే ఉన్నాడు, ఎంత టెన్షనో. ఒక్క కీ కొడితే ఆరు ట్యాబ్‌లు పడే మార్గం ఉందా?

విజయవాడ, వన్‌టౌన్ నుంచి:
ఉంది తమ్ముడూ. నొక్కి పట్టుకునే పద్ధతి వదిలెయ్, అలా పట్టుకుంటే విండోస్ కాసేపు ఆగి సెకనుకి 30 దాకా కొట్టేస్తుంది, సరిగ్గా ఆరు దగ్గర ఆపడం మనిషి వల్ల కాదు. ఆటోహాట్‌కీ అని ఉచిత సాఫ్ట్‌వేర్, 2వ వెర్షనే వేసుకో, పాతదానిలో రాసే తీరు వేరు. నోట్‌ప్యాడ్‌లో ఒక్క లైను చాలు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో: ఇన్సర్ట్, పక్కనే రెండు కోలన్లు, తర్వాత సెండ్, ఖాళీ వదిలి డబుల్ కోట్స్, వాటి లోపల ఫ్లవర్ బ్రాకెట్లు, ఆ బ్రాకెట్లలో ట్యాబ్, ఖాళీ, 6. సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ ఎంచుకుని పేరు చివర చుక్క ఏహెచ్‌కే పెట్టు, లేకపోతే అది టెక్స్ట్ ఫైలుగానే ఉండిపోతుంది. ఇన్సర్ట్ బదులు ఎఫ్8 మాత్రం పెట్టొద్దు, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అది సేల్స్ వోచర్.

గుంటూరు నుంచి:
పెట్టానన్నా, నోట్‌ప్యాడ్‌లో బాగానే ఉంది, బిల్లింగ్‌లో మాత్రం ఒక్కోసారి నాలుగు గళ్లే దాటుతోంది.

విజయవాడ, వన్‌టౌన్ నుంచి:
మీ బిల్లింగ్ ఆ వేగం అందుకోలేకపోతోంది. సెండ్ తీసేసి సెండ్‌ఈవెంట్ అని రాయి, ఫైల్లో అన్నిటికంటే పైన సెట్‌కీడిలే, ఖాళీ, 50 అని ఇంకో లైను పెట్టు, అంటే ఒక్కో ట్యాబ్ తర్వాత 50 మిల్లీసెకన్లు ఆగుతుంది. అసలు ఏమీ పడకపోతే బిల్లింగ్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తోందేమో చూడు, అలాగైతే ఈ స్క్రిప్టునీ అలాగే తెరవాలి. నిజం బిల్లు మీద పెట్టేముందు ఉత్తుత్తి బిల్లులు ఓ పది కొట్టి చూసుకో, డబ్బుల వ్యవహారం.

బెంజి సర్కిల్ నుంచి ఇంకొకరు:
అన్నా, గేమ్‌లో డబ్ల్యూ కీ నొక్కి ఉంచినట్టు చేయొచ్చా?

విజయవాడ, వన్‌టౌన్ నుంచి:
చేయొచ్చు, ట్యాబ్ రాసిన చోట డబ్ల్యూ, ఆరు రాసిన చోట డౌన్ అని రాస్తే కీ నొక్కినట్టే ఉండిపోతుంది. కానీ వదలడానికి ఇంకో కీ మీద అప్ కూడా తప్పకుండా రాసుకో. అది మర్చిపోయి కీబోర్డు పోయిందని మా షాపుకి తెచ్చినవాళ్లున్నారు. అలా ఇరుక్కుంటే అదే కీని చేత్తో ఒకసారి నొక్కి వదిలితే చాలు. ఆన్‌లైన్ గేమ్ అయితే మాత్రం వద్దు బాబూ, చాలా గేముల్లో దీన్ని మోసం కింద లెక్కేసి ఖాతా మూసేస్తారు.

గుంటూరు నుంచి:
50 పెట్టాక ఆరూ పడుతున్నాయన్నా, ఇరవై ఉత్తుత్తి బిల్లులు కొట్టాను, ఒక్కటీ తప్పలేదు. రేపు తేజ రకం మిర్చి లాట్లు దిగుతాయి, వాటితోనే మొదలుపెడతా.