సబ్ కాంట్రాక్టుపై వైరింగ్ పనులు చేయించేవారు ముద్రా రుణానికి అర్హులేనా?

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాద్)

అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రికల్ వైరింగ్ పనిని పాయింట్ల లెక్కన (స్విచ్చు, లైటు, ప్లగ్ ఒక్కోదానికి ఇంత చొప్పున) సబ్ కాంట్రాక్టుకు తీసుకుని కొన్నేళ్లుగా చేయిస్తున్నాను. వైర్లు, పైపులు ప్రధాన కాంట్రాక్టరు ఇస్తారు. మనుషులు, పనిముట్లు నావి. ఏటా సుమారు 14 లక్షల రూపాయల బిల్లులు అవుతాయి. 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి మిగిలినది నా ఖాతాలో వేస్తారు. బిల్లు డబ్బు రావడానికి నెలా రెండు నెలలు పడుతుంది గానీ, పనివాళ్లకు శనివారం వచ్చేసరికి కూలి ఇవ్వక తప్పదు. గోడలకు గాడులు కోసే యంత్రాల కోసం, ఈ కూలి సర్దుబాటు కోసం కలిపి 4 లక్షల ముద్రా రుణం అడిగితే, మీరు ఒకరి కింద పనిచేసేవారు కనుక జీతం సర్టిఫికెట్ అయినా తెమ్మని, లేదంటే జీఎస్‌టీ నంబరు చూపమని బ్యాంకులో అన్నారు. నాకు రెండూ లేవు. ఈ పథకం నాలాంటివారిని వ్యాపారిగా చూస్తుందా, కూలీగా చూస్తుందా?

సమాధానం 1 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

మీరు వ్యాపారే. పని ధర మాట్లాడుకుని, మనుషులను పెట్టుకుని, లాభనష్టాలు భరించేవారు ఎవరి కింద ఉద్యోగీ కారు. 2015లో మొదలైన ముద్రా యోజన ఉద్దేశించినదే కంపెనీగా నమోదు కాని ఇటువంటి చిన్న సంస్థలను. సేవారంగం కూడా అందులో ఉంది. 50 వేల వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అంటారు కనుక మీ దరఖాస్తు కిశోర్ కిందికి వస్తుంది. 10 లక్షల లోపు రుణానికి ఆస్తి తనఖా అడగకూడదు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఆన్‌లైన్‌లో చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్, పాన్ చాలు. ముందుగా అది చేయించుకోండి.

అయితే ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ముద్రా రుణాలకు ఉండే ప్రభుత్వ హామీ అన్నది బ్యాంకుకే గానీ మీకు కాదు. మీరు కట్టలేకపోతే గ్యారంటీ నిధి బ్యాంకు నష్టంలో కొంత పూడుస్తుంది, మీ బాకీ మాత్రం అలాగే ఉంటుంది, అప్పులు సక్రమంగా తీర్చారో లేదో చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ముద్రాలో సబ్సిడీ కూడా లేదు. అందుకే అర్హత ఉన్నా, తిరిగి కట్టే శక్తి కాగితం మీద కనబడనిదే మేనేజరు సంతకం పెట్టరు.

అడిగే తీరు కూడా మార్చండి. యంత్రాలకు లక్షన్నర టర్మ్ లోనుగా (వాయిదాల్లో తీర్చే అప్పు), కూలి సర్దుబాటుకు రెండున్నర లక్షలు క్యాష్ క్రెడిట్‌గా (పరిమితి లోపు కావలసినప్పుడు తీసుకుని, డబ్బు రాగానే తిరిగి వేసే ఖాతా) విడదీసి అడగండి. చిన్న సంస్థలకు వర్కింగ్ క్యాపిటల్‌ను (రోజువారీ నిర్వహణకు కావలసిన డబ్బు) అంచనా టర్నోవరులో 20 శాతంగా లెక్కగట్టే పద్ధతి బ్యాంకుల్లో ఎప్పటినుంచో ఉంది. 14 లక్షలకు అది 2.80 లక్షలు.

సమాధానం 2 (పన్ను రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నాను)

సేవలకు జీఎస్‌టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షలు. కూలి ఖర్చులు తీసివేయకముందు ఉన్న మొత్తం బిల్లులనే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు. మీరు ఆ పరిమితి లోపే ఉన్నారు, కాబట్టి నంబరు లేకపోవడం లోపం కాదు.

అసలు చిక్కు తరచుగా ఆదాయపు పన్ను రిటర్నులోనే ఉంటుంది. టీడీఎస్ వాపసు కోసమని కొందరు ఈ రాబడిని 'ఇతర ఆదాయం'గా చూపిస్తారు. అప్పుడు వ్యాపారమే లేదని బ్యాంకు అనుకోవడంలో వింత లేదు. మరికొందరు వ్యాపారంగానే చూపినా, అంచనా ఆదాయ పద్ధతిలో (పూర్తి లెక్కలు రాయకుండా, బిల్లులలో ఇంత శాతం ఆదాయమని చూపే పద్ధతి) బ్యాంకు ద్వారా వచ్చిన బిల్లులపై కనీసమైన 6 శాతంతో సరిపెడతారు. 14 లక్షలపై అది 84 వేలు. 4 లక్షలను 12 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,900, అంటే ఏడాదికి లక్ష దాటుతుంది. 84 వేల ఆదాయంతో లక్ష ఎలా కడతారని అడిగితే జవాబు ఉండదు. ఆ 6 శాతం కనీస పరిమితి మాత్రమే. నిజంగా మిగిలింది 3 లక్షలైతే 3 లక్షలే చూపాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు వ్యాపార ఆదాయంపై పన్ను పడదు కనుక తగ్గించి చూపడంలో మీకు లాభమేమీ లేదు.

సమాధానం 3 (విజయవాడ, తాపీ పని సబ్ కాంట్రాక్టరు)

5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షలు ఇచ్చే చేతివృత్తులవారి పథకం పీఎం విశ్వకర్మ గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. దానిలోని 18 వృత్తుల్లో మా తాపీ పని, వడ్రంగం ఉన్నాయి గానీ ఎలక్ట్రీషియన్ లేదు. సబ్సిడీతో రుణమిచ్చే ఉపాధి పథకం పీఎంఈజీపీలో మొదటి రుణం కొత్తగా పెట్టే యూనిట్లకే కనుక అదీ మీకు పనికిరాదు. ముద్రా ఇప్పిస్తామని ముందే కమీషను అడిగేవారిని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రిటర్నులో నా రాబడిని వ్యాపారంగానే చూపాం. కానీ మా కాంట్రాక్టరు వర్క్ ఆర్డరు రాసివ్వరు, అంతా నోటిమాటే. దాని బదులు ఏమి చూపాలి?

సమాధానం 1 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే, టీడీఎస్ వివరాలున్న 26ఏఎస్ పత్రం మీకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అక్కడ కాంట్రాక్టరు పేరు, చెల్లించిన మొత్తం నమోదై ఉంటాయి, పైగా అది కాంట్రాక్టు చెల్లింపే గానీ జీతం కాదని కూడా అందులోనే తెలుస్తుంది. సైటు ఇంజనీరు సంతకం చేసిన కొలతల బిల్లులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు దానికి జతచేయండి. డబ్బు పడిన రోజే మొత్తం నగదుగా తీసేయకుండా, వీలైనంతమంది పనివాళ్లకు ఫోన్‌పే ద్వారానో ఖాతాకో పంపితే మీ ఖర్చులకూ ఆధారం ఉంటుంది. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంత చిన్న రుణంపై బ్యాంకు 14 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాసివ్వమని అడగండి.