అప్‌డేట్: నాన్న మోకీలు ఆపరేషన్ అయింది, క్లెయిమ్ డబ్బులూ వచ్చాయి

గుంటూరు కొత్తపేటలో నాన్నను నాలుగేళ్లుగా చూస్తున్న ఎముకల డాక్టరు గారి ఆసుపత్రి, ఆపరేషన్‌కు పది రోజుల ముందు మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితా) నుంచి తప్పుకుంది, డాక్టర్ని మార్చాలా అని అప్పట్లో మిమ్మల్ని అడిగాను. మార్చలేదు. ఆయన దగ్గరైతేనే చేయించుకుంటానని నాన్న పట్టుబట్టారు.

మీలో ఒకరు చెప్పిన ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ ముందు ప్రయత్నించాం. 2024 జనవరిలో వచ్చిన ఈ పద్ధతిలో నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, అడగొచ్చు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు కంపెనీకి తెలియజేయాలి. మేం నాలుగు రోజుల ముందే మెయిల్ పెట్టాం. కంపెనీ సరేనంది కానీ ఆసుపత్రి ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పని అవుతుందని అప్పుడు తెలిసింది. ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే.

చివరికి డబ్బు మేమే కట్టి, రీయింబర్స్‌మెంట్‌కు (తర్వాత కంపెనీ నుంచి తిరిగి రాబట్టుకోవడానికి) వెళ్లాం. తక్కువపడితే పిన్ని గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది. ఆమె రుణం తీర్చుకోలేను. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులతో పాటు మోకీలులో వేసిన ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) ప్యాకెట్ మీది స్టిక్కర్ కూడా అడిగి తీసుకోండి. అది లేదని మా ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. గ్లౌజుల లాంటి చిన్న ఖర్చులు తప్ప మిగతాదంతా ఇచ్చారు. పిన్ని గాజులు విడిపించాం.

అన్నయ్య వేరే కంపెనీకి మారదామంటున్నాడు. అలా పోర్ట్ చేయాలంటే రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే వెయిటింగ్ పీరియడ్‌లో ఇప్పటిదాకా గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. కొత్తవాళ్లు కాదనే వీలూ ఉంది కాబట్టి పాత పాలసీని మాత్రం ముందే వదలం.

నాన్న నిన్న కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచొచ్చారు.