చర్చ: శుభ్ర ఉత్పత్తికి విదేశీ సహకారం – చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా మనకు దక్కిందేమిటి?

రియాక్టర్‌మనిషి (చర్చ ప్రారంభించినవారు)

ముడి ఔషధాల కర్మాగారాల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. సగం కాలం చౌటుప్పల్ వైపు, సగం జడ్చర్ల వైపు. మొన్న ఆదివారం మా ఊరి సమావేశంలో ఒక పెద్దాయన, "ఐక్యరాజ్యసమితి, యూరప్ వాళ్లు కలిసి కాలుష్యం పేరుతో మన పరిశ్రమల గొంతు నొక్కుతున్నారు" అన్నారు. అందరూ తలలూపారు. నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు, కనుక ఇక్కడ రాస్తున్నాను.

కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావణి ఉండేది. తియ్యని వాసన. లోపలికి పోతే కాలేయాన్ని పాడుచేస్తుంది, పైకి పోతే ఓజోన్ పొరను తింటుంది. మన దేశంలో కొన్ని మందుల తయారీలోనూ వాడేవారు. కొత్తగా చేరిన రోజుల్లో డ్రమ్ముల్లోంచి దాన్ని తోడిన వాళ్లలో నేనూ ఒకడిని. చేతికి సరైన తొడుగు కూడా ఉండేది కాదు. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 నాటికి దాన్ని మానాల్సి వచ్చింది. మారడానికి అయ్యే ఖర్చుకు ఆ ఒప్పందం కింద ఏర్పడిన బహుపాక్షిక నిధి నుంచి సాయం అందింది. ఆ నిధి పనులు నడిపే సంస్థల్లో వియన్నాలోని యునిడో, అంటే ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ, ఒకటి. ఆ ఒప్పందమే లేకపోతే మా యజమానులు ఆ డ్రమ్ములను ఎందుకు మానేవారు? చౌకగా దొరికేది, పని బాగా చేసేది.

శుభ్ర ఉత్పత్తి అంటే కాలువ చివర శుద్ధి యంత్రం పెట్టడమని చాలామంది అనుకుంటారు. మురికి పుట్టకముందే తయారీ పద్ధతిని మార్చడం దాని అసలు ఉద్దేశం. పెన్సిలిన్ నుంచి 6-ఏపీఏ, అంటే అమాక్సిసిలిన్ లాంటి మందులకు మూలపదార్థం, తీయడానికి ఒకప్పుడు మైనస్ 40 డిగ్రీల చలిలో, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో, క్లోరిన్ ఉన్న ద్రావణుల్లో చర్య జరిపేవారు. ఇప్పుడు అదే పనిని ఒక ఎంజైమ్ నీళ్లలో, దాదాపు మన ఒంటి వేడి దగ్గర చేస్తుంది. ఇలాంటి జ్ఞానం ఏ ఒక్క దేశంలోనూ పుట్టదు. సహకారం వద్దనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఊరిబావి

అయ్యా, మీరు డ్రమ్ము గురించి చెప్పారు. నేను బావి గురించి చెబుతాను. మా నాన్న తవ్వించిన బావి, నలభై రెండు అడుగులు. ఎండాకాలంలో కూడా మూడు కుటుంబాల వరి తడిసేది. ఇప్పుడు ఆ నీళ్లలో చేయి పెడితే జిడ్డు. మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో మీలాంటివాళ్లు పనిచేసే కర్మాగారం ఉంది. పేరు రాయను, గోడ మీద "శూన్య ద్రవ వ్యర్థాలు" అని మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మీరు చదువుకున్నవారు, ఒక్కటి చెప్పండి. శూన్యం అంటే ఎంత?

ఇక యూరప్ సంగతి. వాళ్ల ఊళ్లలో ఈ కర్మాగారాలు ఎందుకు తగ్గాయి? వాళ్ల నదులు బాగుపడాలి కనుక పనిని ఇటు పంపారు. వాళ్లకు మాత్రలు, మాకు మురికి. ఆ తర్వాత శుభ్రంగా ఎలా ఉండాలో పాఠం చెప్పడానికి మనుషులను పంపుతారు. దీనికి సహకారం అని పేరు.

నకిరేకల్_నుంచి

మరి మూసీ మాటేమిటి? హైదరాబాద్ మురుగంతా మా పొలాల మీదుగా వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలుస్తోంది. దాని మీద ఎవరూ చర్చ పెట్టరు.

రియాక్టర్‌మనిషి

ఊరిబావి గారూ, శూన్యం అంటే ద్రవం ఆవరణ దాటి బయటికి పోకూడదని. లవణాలు ఎక్కువున్న నీటిని ముందు స్ట్రిప్పర్‌కు పంపి ద్రావణులు తీస్తాం. తర్వాత ఎంఈఈ అనే, దశలవారీగా నీటిని మరిగించే యంత్రంలో ఆవిరి చేస్తాం, మిగిలిన ముద్దను ఆరబెడతాం. లవణాలు తక్కువున్న నీరు జీవశుద్ధికి, అక్కడి నుంచి ఆర్‌ఓకు పోతుంది. వచ్చిన నీటిని కూలింగ్ టవర్లలో వాడతాం. మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలానికి లారీలో పంపుతాం.

ఊరిబావి

అంటే శూన్యం కాదు. ఉప్పు మిగిలింది.

రియాక్టర్‌మనిషి

ద్రవం శూన్యం అన్నాను. వ్యర్థం శూన్యం అనలేదు.

ఊరిబావి

గోడ మీద చదివే రైతుకు ఆ తేడా ఎవరు చెప్పారు? ఎంఈఈ చెడిపోయిన రోజు నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆవిరికి బొగ్గు ఖర్చు ఎక్కువని దాన్ని ఆపిన రాత్రి ఎక్కడికి పోతాయి? మా ఊరి కుర్రాడు ఒకడు అక్కడే బాయిలర్ దగ్గర పనిచేశాడు. వానాకాలం కోసం ఎదురుచూస్తారని చెప్పాడు. వాన పడ్డ రాత్రి వాగు దేన్నయినా మోసుకుపోతుంది.

మిర్యాలగూడ_మిల్లు

ఇద్దరూ ఔషధాల దగ్గరే ఆగిపోయారు. మాది రైస్ మిల్లు. ఉప్పుడు బియ్యానికి టన్ను ధాన్యం నానబెట్టాలంటే టన్నుకు పైగా నీళ్లు కావాలి. పాత పద్ధతిలో చల్లటి నీళ్లలో రెండు మూడు రోజులు నానేవి, వీధంతా పులిసిన కంపు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు వేడినీళ్లలో నానబెట్టే పద్ధతి ఇచ్చాక అది మూడు నాలుగు గంటల పనైంది, కంపు చాలా తగ్గింది. వియన్నా దాకా పోకుండా మన దేశంలోనే జరిగిన శుభ్ర ఉత్పత్తి అది. టన్ను ధాన్యానికి రెండు క్వింటాళ్ల ఊక వస్తుంది, కాలిస్తే నలభై కిలోల బూడిద. అందులో ఎక్కువ భాగం సిలికా, సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు కర్మాగారాలు మాకు దగ్గరే. అయినా రోడ్ల పక్కన బూడిద గుట్టలు పడే ఉన్నాయి. దీని గురించి ఎవరైనా మాట్లాడితే బాగుంటుంది.

చిటికి_ఇల్లు

మాది పోచంపల్లి వైపు అద్దకం పని చేసే కుటుంబం. రియాక్టర్‌మనిషి గారు చెప్పిన నిషేధాల సంగతి మాకు వేరే రకంగా తెలుసు. 1994లో జర్మనీ కొన్ని అజో రంగులను నిషేధించింది. ఆ రంగులు విడిపోతే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు వస్తాయని కారణం. 1997లో మన దేశం కూడా నిషేధించింది. మేం వాడే న్యాఫ్తాల్ ఎరుపుల్లో కొన్ని ఆ జాబితాలోకి వచ్చాయి. అప్పటికి మా నాన్న ఇరవై ఏళ్లుగా ఆ రంగును మోచేతుల దాకా ముంచి కలుపుతున్నారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. సరుకు తిరిగొచ్చాక తెలిసింది. చీరలు కొనే షావుకారు తిరిగొచ్చిన సరుకు నష్టాన్ని మా కూలిలో కోశాడు.

నిషేధం తప్పని నేను అనను. ఆ రంగు పోవడం మంచిదే, మా తమ్ముడి చేతులకు ఆ గతి పట్టలేదు. కానీ జర్మనీలో బట్టలు తొడుక్కునేవాళ్ల చర్మం గురించి ముందు ఆలోచించి, ఇక్కడ రంగు కలిపే చేతుల గురించి తర్వాత ఆలోచించారు. ఆ వరుస నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

రియాక్టర్‌మనిషి

అక్కా, మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. అయితే మీ మాటే నా వాదానికి బలం. బయటి ఒత్తిడి లేకపోతే ఆ ఎరుపు ఇంకా వాడుకలో ఉండేది. యునిడో 1993, 94లలో జాతీయ ఉత్పాదకతా మండలితో కలిసి మన దేశంలో చిన్న పరిశ్రమల్లో వ్యర్థాలు తగ్గించే ప్రయోగం చేసింది. వ్యవసాయ వ్యర్థాలతో కాగితం చేసే మిల్లులు, బట్టల అద్దకం, పురుగుమందుల తయారీ, ఈ మూడు రంగాలను తీసుకున్నారు. ఆ తర్వాత 1995లో అదే మండలిలో జాతీయ శుభ్ర ఉత్పత్తి కేంద్రం వచ్చింది. అద్దకం వాళ్లను అప్పుడే పట్టించుకున్నారు.

చిటికి_ఇల్లు

మా వీధికి ఎవరూ రాలేదు. నేను చెప్పగలిగేది అంతే.

దేవరకొండ_టీచర్

సహకారమంటే ఎప్పుడూ అటు నుంచి ఇటే వస్తుందని అనుకోవద్దు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. దాని పేరు నల్గొండ టెక్నిక్. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లో కూడా వాడారు. మన జిల్లా పేరు అలా దేశాలు దాటింది.

ఊరిబావి

పేరు దాటింది, ఫ్లోరైడ్ ఇక్కడే ఉంది టీచర్ గారూ.

రియాక్టర్‌మనిషి గారూ, మీరు శూన్యానికి ఇంకా జవాబు చెప్పలేదు.

రియాక్టర్‌మనిషి

చెప్పాను. మీరు వినడం లేదు.

విదేశీయుల మీద అంత కోపం ఉన్న మీకు ఒకటి గుర్తుచేస్తాను. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని 2007లో లోకానికి చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్తలు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. శుద్ధి చేశామని వదిలిన నీళ్లలో అది ఉంది. వాళ్లు చెప్పకపోతే ఈ రోజుకీ మనకు తెలియదు. 2020 జనవరిలో మన ప్రభుత్వమే వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. తీసేసింది స్వీడన్ వాళ్లు కాదు. ఆ పరిమితుల గురించి మళ్లీ మాట్లాడింది 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ. బయటివాళ్లు లేకుండా మీ బావికి న్యాయం ఎవరు చేస్తారో చెప్పండి.

ఊరిబావి

చెబుతాను. స్వీడన్ వాళ్లు లోకానికి చెప్పారు. పటాన్‌చెరు రైతుకు ఎవరు చెప్పారు? పేపర్లో చదివి తెలుసుకున్నాడు, అదీ చదువు వచ్చినవాడు. మీరు చెప్పిన ప్రతి కథలోనూ లెక్క ఇక్కడి నీళ్లది, లెక్క తెలిసేది అక్కడివాళ్లకు.

నాకు కడుపు మండే సంగతి ఇదే. యూరప్ కొనుగోలుదారుల తరఫున తనిఖీకి వచ్చినవాళ్లు ఒకసారి మా ఊళ్లో కారు ఆపారు. మా బోరు దగ్గర ఫొటో తీసుకున్నారు. వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నీళ్ల పరీక్షల ఫలితాలు. అందులో మా బోరు కూడా ఉంది. చూపించమని అడిగాను. వెంట వచ్చిన కర్మాగారం మనిషి "ఇది కంపెనీ పత్రం" అని కారు ఎక్కాడు. నా బోరు నీళ్ల లెక్క ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడికి తెలుసు, ఆ నీళ్లు తాగే నాకు తెలియదు.

ఇరవై రెండేళ్లు గోడ లోపల ఉన్నావు. ఆ కాగితాలు నువ్వు చూడలేదా? చూసి ఏం చేశావు?

నిర్వాహకుడు

మర్యాద తప్పవద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

రియాక్టర్‌మనిషి

పర్వాలేదు, అడగనివ్వండి.

చూశాను. కొన్ని నేనే తయారుచేశాను. మా మేనేజరుకు ఒకసారి చెప్పాను, ఊరివాళ్లకు చూపిద్దామని. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "రేపు ధర్నా జరిగి మూతపడితే, ఆ ఊరి నుంచి వచ్చే అరవై మందికి జీతం నువ్విస్తావా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ అరవై మందిలో మీ అన్న కొడుకు ఉండేవాడని నాకు తెలుసు, మీకూ తెలుసు. అంకె ఒక్కటే చేతికొస్తే దాన్ని చదవడం ఊరికి రాదు. లవణాలు సహజంగా వచ్చాయా, కర్మాగారం నుంచి వచ్చాయా అని తేల్చడానికి భూగర్భ నీటిని పరిశీలించడానికి తవ్వే పైజోమీటర్ బావుల లెక్క కావాలి, భూగర్భ నీటి వాలు తెలియాలి. మన జిల్లా రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. ఇవేవీ లేకుండా అంకె చూపిస్తే మంట పుడుతుంది. బయటి తనిఖీదారు ఒత్తిడి తెస్తే యంత్రం బాగుపడుతుంది, కర్మాగారమూ నడుస్తుంది, నీళ్లూ మెల్లగా బాగుపడతాయి. నేను నమ్మిన దారి అది.

ఊరిబావి

ఇప్పుడు అసలు మాట వచ్చింది. విదేశీయుడికి చెబితే బాగుచేస్తాడు, ఊరివాడికి చెబితే తగలబెడతాడు. ఇదే కదా మీ నమ్మకం? మా అన్న కొడుకు జీతం మాకు కావాలా, నీళ్లు కావాలా అన్నది మేం కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. మీరూ మీ మేనేజరూ మా బదులు తేల్చేశారు. జీతమే కావాలని మేమే అనేవాళ్లమేమో! క్యాన్లు కొనుక్కుని తాగేవాళ్లం. అడిగారా?

చిటికి_ఇల్లు

నాన్నకు ముందే తెలిసినా ఆ రంగు మానేవారో లేదో నాకు తెలియదు. కూలి కావాలి. కనీసం చేతికి తొడుగు వేసుకునేవారు.

మహబూబ్‌నగర్_విద్యార్థి

పర్యావరణ అనుమతి షరతుల మీద ఆరు నెలలకొకసారి ఇచ్చే నివేదికలు అందరికీ అందుబాటులో ఉండాలన్న నిబంధన ఉంది కదా. సమాచార హక్కు చట్టం కూడా ఉంది.

ఊరిబావి

ఉంది తమ్ముడూ. ఇంగ్లిష్‌లో ఉంది. 2020 మార్చిలో కొవిడ్ అని చెప్పి ముడి ఔషధాల కర్మాగారాలకు కొంతకాలం ప్రజాభిప్రాయ సేకరణే లేకుండా చేశారు. మా పక్కన విస్తరణ జరిగిందని మేం ప్రహరీ గోడ పెరిగాక చూశాం.

మిర్యాలగూడ_మిల్లు

ఊక బూడిద గురించి ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు.

రియాక్టర్‌మనిషి

రాత్రంతా ఆలోచించాను. ఊరిబావి గారూ, మీ ఊరు ఏదో మీ మాటల్ని బట్టి ముందే తెలిసింది. చింతచెట్టు పక్క బోరు మీదే అయితే, ఆ ఏడాది తీసిన మూడు నమూనాల్లో అది ఒకటి. కరిగిన లవణాలు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటాయి. వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా తాగునీటికి భారతీయ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దు అది. అందులో కర్మాగారం వాటా ఎంతో తేల్చలేదు. తేల్చడానికి ఎవరూ ప్రయత్నించలేదు.

ఊరిబావి

ఏ సంవత్సరం?

రియాక్టర్‌మనిషి

2015 వేసవి.

ఊరిబావి

మా అమ్మ 2018 దాకా ఆ బోరు నీళ్లే తాగింది.

రియాక్టర్‌మనిషి

మరో రెండు సంవత్సరాల అంకెలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఈ ఆదివారం తీసుకుని మీ ఇంటికి వస్తాను.

ఊరిబావి

ఇంటికి వద్దు. పంచాయతీ ఆఫీసుకు రండి, పదింటికి. మా అన్న కొడుకునూ వాడితో పనిచేసేవాళ్లనూ కూడా పిలుస్తాను. అందరి ముందూ చదవండి, తెలుగులో.