పొలంలో మందు కొట్టే డ్రోన్‌కు విమానం లెక్క రిజిస్ట్రేషన్ ఎందుకు?

మిర్యాలగూడ వరి రైతు:
మా ఊళ్లో ఇద్దరు పిల్లలు విడిభాగాలు తెప్పించి పది లీటర్ల డ్రోన్ బిగించుకున్నారు. ఎకరం పది నిమిషాల్లో అయిపోతోంది. కూలీలు దొరకని సీజన్‌లో సాగర్ ఎడమ కాలువ కింద మాకు వాళ్లే దిక్కు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ లేనిది ఎగరేయొద్దంటున్నారు. మందు కొట్టే మిషన్‌కు ఢిల్లీ నుంచి నంబరేంది?

పాలమూరు డ్రోన్ పైలట్:
అన్నా, 2021 డ్రోన్ నియమాల ప్రకారం నంబర్ తప్పనిసరి. ఫీజు వంద రూపాయలే. అసలు చిక్కు వేరే ఉంది. టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌ను పరీక్షించి సరిగా ఉందని ఇచ్చే కాగితం, ఉన్న మోడల్‌కే నంబర్ ఇస్తారు, ఇంట్లో బిగించినదానికి అది ఉండదు. నియమాలు తప్పితే లక్ష దాకా జరిమానా. పైగా నంబర్ అంటే పైన అతికించే స్టిక్కర్ కాదు. డ్రోన్ సీరియల్ నంబర్, డ్రోన్‌ను నడిపించే లోపలి బోర్డు (ఫ్లైట్ కంట్రోలర్), చేతిలో ఉండే రిమోట్ అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. కరెంటు తీగకు తగిలి పడ్డాక షాపులో కంట్రోలర్ మార్పిస్తే, అది కూడా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. చాలామంది ఎక్కించరు. రేపు ఏదైనా జరిగితే కాగితంలో ఒకటి, మిషన్‌లో ఒకటి.

హాలియా పత్తి రైతు:
నంబర్ ఎందుకో నన్నడగండి. పోయిన వానాకాలం పక్క మడిలో వరికి 2,4-డి గడ్డిమందు కొట్టారు. గాలి మా చేను వైపు ఉంది. కొద్ది రోజులకే పత్తి ఆకులు బెండాకుల్లా చీలి, చిగుళ్లు ముడుచుకున్నాయి. డ్రోన్ ఎవరిదంటే ఒక్కరూ నోరు విప్పలేదు. నష్టం ఎవరినడగాలి?

మిర్యాలగూడ వరి రైతు:
మీ బాధ నిజమే. కానీ అది గాలి చూడకుండా కొట్టినవాడి తప్పు. నంబర్ ఉంటే గాలి ఆగుతుందా?

హాలియా పత్తి రైతు:
గాలి ఆగదు. మనిషి దొరుకుతాడు.

నల్గొండ, విమానాల పిచ్చి ఉన్నవాడిని:
పెద్ద విమానాల పద్ధతి చూడండి. విమానయానం మీద దేశాలు చేసుకున్న 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశంలో రిజిస్టరైతే అది ఆ దేశపు విమానం. ఒకేసారి రెండు దేశాల్లో కుదరదు. మనవాటి మీద మన దేశపు గుర్తుగా వీటీ (VT) అని ఉండేది అందుకే. అక్కడ రిజిస్ట్రేషన్ కాగితం ఇది ఎవరిదో చెబుతుంది. ఎగరడానికి పనికొస్తుందా లేదా అన్నదానికి ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ వేరే. డ్రోన్ల దగ్గర టైప్ సర్టిఫికెట్ లేనిదే నంబరే లేదు కాబట్టి, బిగించుకున్న డ్రోన్లన్నీ లెక్కకు అందకుండా పోయాయి. నా మాట ఒకటే: యజమాని పేరుతో అన్నింటికీ నంబర్ ఇవ్వాలి, కిరాయికి కొట్టాలంటే మాత్రం సర్టిఫికెట్ అడగాలి.

పాలమూరు డ్రోన్ పైలట్:
దీనికి ఒప్పుకోను సార్. నంబర్ చేతికొచ్చాక కిరాయికి పోకుండా ఎవరాగుతారు? నిండు ట్యాంకుతో ఇరవై కిలోల పైమాటే. నాట్లు వేసే ఆడవాళ్ల మీద పడితే? కేంద్రం పథకం నమో డ్రోన్ దీదీ కింద మహిళా సంఘాలకు డ్రోన్ కొనే ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సాయం ఉంది. సర్టిఫికెట్ ఉన్నది సంఘం పేరు మీద తీసుకుని, ఆ పిల్లలకే పైలట్ ట్రైనింగ్ ఇప్పించండి. పది పాసై, 18 నిండితే చాలు.

మిర్యాలగూడ వరి రైతు:
సంఘం వాళ్లతో మాట్లాడతా. కానీ ఈ సీజన్ సంగతేంది తమ్మీ? మందు ఇప్పుడు పడాలి.

హాలియా పత్తి రైతు:
ఈ సీజన్‌కైనా నాది ఒకటే షరతు. మా వైపు వచ్చే డ్రోన్ ఎవరిదో, ఏ మందు కొడుతున్నారో పక్క చేల వాళ్లకు ముందురోజే చెప్పాలి. లేదంటే గట్టు ఎక్కనివ్వం.